డ్యురాన్ డ్యురాన్‌ను ముందు చెవులతో వినండి

‘డ్యురాన్ డ్యురాన్ అనే బ్రిటిష్ పాప్ బృందం గొప్పదని మా బాబాయి అంటారు, కానీ వీడియోలు చూస్తే జుట్టు, మేకప్, సూట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. వీరిది సంగీతమా, వేషమా? సింగిల్స్‌లో (విడిగా విడుదలైన పాటలలో) దేనితో మొదలుపెట్టాలి?’ అని అడిగారు. వేషం ఉంది, కావలసినంత ఉంది. దాన్ని దాచవలసిన అవసరం వారికీ లేదు, మీ బాబాయిగారికీ లేదు. అయితే ఆ సింథసైజర్ల, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డుల, మెరుపుల వెనుక మంద్ర స్వరాలు పలికే ఒక బేస్ గిటారు ఉంది. దాన్ని విడిగా వినడం అలవాటు చేసుకోని వారు ఈ బృందం గురించి ఏ తీర్పు చెప్పినా నేను లెక్కచేయను.

1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో నిక్ రోడ్స్, జాన్ టేలర్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. రమ్ రన్నర్ అనే నైట్‌క్లబ్ వారికి సాధన చేసుకునే చోటూ, బతుకుతెరువూ కూడా. రోడ్స్ అక్కడ రికార్డులు వేసేవారు, రోజర్ టేలర్ ఖాళీ గ్లాసులు ఏరేవారు, ఆండీ టేలర్ వంట చూసుకునేవారు. బృందంలో ముగ్గురు టేలర్లు ఉన్నా వారిలో ఎవరికీ ఎవరితో చుట్టరికం లేదు. 1980లో సైమన్ లె బాన్ అనే నాటక విద్యార్థి గులాబీ రంగు చిరుతపులి మచ్చల ప్యాంటు వేసుకుని, తాను రాసుకున్న పాటల పుస్తకం చేత పట్టుకుని గాయకుడి స్థానం కోసం వారిని కలవడానికి వచ్చారు. అందరూ ఆ ప్యాంటు సంగతే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పుస్తకమే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే తరువాతి కాలంలో వారు పాడిన కొన్ని పాటలు అందులోవే.

జాన్ టేలర్ మొదట గిటారు వాయించేవారు, తరువాత బేస్‌కు మారారు. షిక్ అనే అమెరికన్ డిస్కో బృందంలో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన బేస్ అంటే ఆయనకు ప్రాణం. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బృందం దూకుడునూ షిక్ నడకనూ ఒకేచోట కలపాలన్నదే వారి మొదటి ఆలోచన. రోడ్స్ ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా సింథసైజర్ వాయించడం మొదలుపెట్టినవారు కాబట్టి వేళ్ల వేగం చూపించే పని పెట్టుకోరు. పాట చుట్టూ ఒక వాతావరణం కడతారు. 1982లో వచ్చిన ‘రియో’ పాట మొదట్లో వినిపించే ఆ వింత చప్పుడు సింథసైజర్‌ది కాదు, గ్రాండ్ పియానో లోపలి తీగల మీద చిన్న లోహపు కడ్డీలు పడేసి, ఆ టేపును వెనక్కి తిప్పి వినిపించినది. ఆ తరువాత గలగలమంటూ వచ్చే స్వరాల వరుస రోలాండ్ జూపిటర్-4 అనే సింథసైజర్‌లోని ఆర్పెజియేటర్ చేసిన పని. అంటే మీటలు నొక్కిపట్టుకుంటే యంత్రమే ఆ స్వరాలను ఒక్కొక్కటిగా విడదీసి పలికిస్తుంది. ఇంత హడావిడి మధ్య పాటను నడిపించేది ఎవరని అడిగితే, నేను రెండో ఆలోచన లేకుండా జాన్ టేలర్ పేరు చెబుతాను.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు మా కాలేజీ వార్షికోత్సవంలో జరిగిన ఒక సంఘటన. మా బ్యాండులో నేను కీబోర్డు వాయించేవాడిని. ‘రియో’ వేద్దామని అందరం తీర్మానించుకుని సాధన చేశాం. తీరా కార్యక్రమం నాటికి మా బేస్ గిటారిస్టు అక్క పెళ్లి కోసం కాకినాడ వెళ్లిపోయాడు. సింథ్ పాటకు బేస్ లేకపోతే ఏమవుతుందిలే, ఎడమచేత్తో నువ్వే వేసెయ్ అని మా గాయకుడు నాకు ధైర్యం చెప్పాడు. అతను ఆ రోజు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న నీలం రంగు పట్టు చొక్కా వేసుకుని, చేతులు మోచేతుల దాకా మడిచి, అచ్చం వీడియోలో లాగానే తయారయ్యాడు. నా కీబోర్డులో ఆర్పెజియేటర్ లేదు కనుక ఆ స్వరాల వరుసను కుడిచేత్తో ఒక్కొక్కటే వాయించాలి. ఎడమచేత్తో బేస్ పట్టాలి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో అయితే ఎడమచెయ్యి రెండు మూడు స్వరాల మీద నిలబడితే సరిపోతుంది. ఈ పాటలో బేస్ ఎక్కడా నిలబడదు. ఎక్కుతుంది, దిగుతుంది, గాయకుడు ఊపిరి పీల్చుకునే ఖాళీలలో తానే పాడుతుంది. మొదటి చరణానికి ఈలలు వేసిన జనం రెండో చరణానికి కబుర్లలో పడ్డారు. ఆనుకోవడానికి ఏమీ దొరకక డ్రమ్స్ వాయించే కుర్రవాడు వేగం పెంచుకుంటూ పోయాడు, అతని వెంట గాయకుడు పరుగెత్తాడు, చివరికి వెనుక వరుసలోంచి ‘చిరంజీవి పాట వెయ్యండెహె’ అని ఒక కేక వినిపించింది. చిరంజీవి పాటే వేశాం. మరుసటి ఏడాది అదే పాట, అదే కీబోర్డు, మళ్లీ అరువు తెచ్చిన అదే చొక్కా. ఈసారి కాకినాడ వాడు పక్కన ఉన్నాడు. మొదటి చరణం పూర్తికాకముందే వెనుక వరుసల వాళ్లు కుర్చీలు వదిలి ముందుకు వచ్చేశారు. దీనికి మించిన రుజువు నాకు అక్కర్లేదు.

ఇక ఈ పాటలను ఫోన్ స్పీకరులో విని ‘పల్చగా ఉంది, కీచుమంటోంది’ అని తేల్చేసేవారితో నాకు పెద్ద పేచీ ఉంది. ఆ చిన్న స్పీకరు బేస్‌ను దాదాపుగా మింగేస్తుంది. మిగిలేది మెరుపు మాత్రమే. మెరుపు మాత్రమే విని, ఉన్నది మెరుపేనని అనడం ఉప్పు వెయ్యకుండా పప్పు వండి వంటవాడిని తిట్టడం లాంటిది. వీడియోల సంగతీ అంతే. 1981 ఆగస్టులో అమెరికాలో పాటల వీడియోలు వేసే ఎంటీవీ ఛానల్ మొదలైంది, వీరి వీడియోలు అందరికంటే ఖరీదుగా కనిపించాయి, దానితో వీరు వీడియోల వల్లే పైకి వచ్చారన్న మాట స్థిరపడిపోయింది. కానీ వీరి మొదటి సింగిల్ ‘ప్లానెట్ ఎర్త్’ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే వచ్చి బ్రిటన్‌లో 12వ స్థానానికి, ‘గర్ల్స్ ఆన్ ఫిల్మ్’ 5వ స్థానానికి చేరాయి. ఈ రెండోదాని వీడియోను బీబీసీ నిషేధించింది కూడా. అక్కడి జనం పాట నచ్చే కొన్నారు కదా!

నా వాదనకు లొంగని పాట ఒకటుంది, ‘సేవ్ ఎ ప్రేయర్’. అందులో రోడ్స్ సింథసైజరే రాజు. మొదట వచ్చే ఆ వంపు తిరిగిన స్వరం విన్నవారు దాన్ని మరచిపోలేరు. దర్శకుడు రస్సెల్ మల్‌కాహీ ఆ వీడియోను శ్రీలంకలో తీశారు. సిగిరియా కొండను పైనుంచి చూపించే దృశ్యాలు అందులోవే. బ్రిటన్‌లో అది 2వ స్థానానికి వెళ్లింది. ‘హంగ్రీ లైక్ ద వుల్ఫ్’ వీడియో కూడా అక్కడే తీసినా, ఆ పాట మాత్రం నా పక్షమే.

హంగు ఎక్కువై చెడిన పాట కావాలంటే 1981 నవంబరులో వచ్చిన ‘మై ఓన్ వే’ వినండి. సింగిల్‌లో డిస్కో వయొలిన్లు పోటెత్తి బేస్‌ను తొక్కేశాయి. ‘రియో’ ఆల్బమ్ కోసం వారే ఆ వయొలిన్లు తీసేసి, నడక తగ్గించి, మళ్లీ రికార్డు చేశారు, పాట బతికింది. దీనికి తిరగేసిన కథ ‘ద రిఫ్లెక్స్’ది. ఆల్బమ్‌లో అది నాకు ఏమంత ఆనలేదు. షిక్‌లో ఎడ్వర్డ్స్ పక్కన గిటారు వాయించిన నైల్ రోజర్స్ దాన్ని రీమిక్స్ చేసి, గొంతులను ముక్కలు చేసి తాళంలో కలిపేశారు. 1984లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానం దక్కింది. తాము ఎవరిని చూసి బేస్ నేర్చుకున్నారో ఆ ఇంటి మనిషే వచ్చి పాటను నిలబెట్టారు. ఆ రోజర్స్ సాయంతోనే 1986లో ‘నొటోరియస్’ చేశారు. అప్పటికి రోజర్, ఆండీ ఇద్దరూ వెళ్లిపోయినా పాట కుంటుపడలేదు, జాన్ ఉన్నారు కనుక.

మొదట వినవలసింది ‘ప్లానెట్ ఎర్త్’. మామూలు సింగిల్ కాదు, ‘నైట్ వెర్షన్’ అని 12 అంగుళాల రికార్డు మీద వచ్చినది వినండి. ఆ రోజుల్లో చాలామంది ఉన్న టేపునే కత్తిరించి అతికించి పాటను పొడిగించేవారు. వీరు దాన్ని కొత్తగా అమర్చుకుని మళ్లీ వాయించారు. అందులో రోజర్ డ్రమ్స్‌కూ జాన్ బేస్‌కూ కావలసినంత చోటు దొరికింది. మంచి హెడ్‌ఫోన్లు లేకపోతే మీ బాబాయిగారి పాత స్టీరియో అడగండి. 1989లో వచ్చిన ‘డెకేడ్’ సంకలనం కూడా ఆయన దగ్గరే ఉండవచ్చు. 1993 నాటి ‘ఆర్డినరీ వరల్డ్’ మంచి పాటే కానీ, దాన్ని చివరికి అట్టిపెట్టుకోండి. మీరు అడిగిన వేషం దానిలో దాదాపుగా లేదు.