తక్కువ ఖర్చుతో హిప్‌హాప్ సినిమా: పాట ముందా, చిత్రీకరణ ముందా?

విజయవాడలో నలుగురు మిత్రులు కలిసి తీసే సినిమా అయినా సరే, పాటే ముందు. ర్యాప్‌లో మాట దరువు మీద పడాలి. బీసెంట్ రోడ్డు రద్దీలో నేరుగా రికార్డు చేస్తే హారన్లే మిగులుతాయి. అందుకే దుప్పట్లు వేలాడదీసిన గదిలో గొంతు రికార్డు చేసి, చిత్రీకరణలో ఆ పాటను స్పీకరులో వినిపిస్తూ దానికి తగ్గట్టు నటుల చేత పెదవులు కదిలింపజేస్తారు. ప్రతి షాటు మొదట్లో చప్పట్లు కొడితే ఎడిటింగులో శబ్దం, బొమ్మ సులువుగా జతపడతాయి.

స్లో మోషన్‌కు మాత్రం చిన్న లెక్క ఉంది. సినిమా సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. 48 ఫ్రేములతో తీసి 24తో చూపిస్తే కదలిక సగం వేగానికి తగ్గుతుంది; అప్పుడూ పెదవులు అసలు పాటతో కలవాలంటే చిత్రీకరణలో పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. ఆ వేగంలో ర్యాప్ పలకడం ఎవరి తరం? 30 ఫ్రేములు, 1.25 రెట్ల వేగం దగ్గర ఆగండి.

కృష్ణా తీరంలో తెల్లవారుజామున తీస్తే లైట్ల అద్దె మిగులుతుంది; అనుమతి ముందే తీసుకోండి.