సోమవారం మీటింగ్‌కి ముందు ఇది చదువు అల్లుడూ

ఒరే అల్లుడూ, నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదురా, గాజువాకలో మన మేడ మీద కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో. మీ యూనియన్ తరఫున కొత్త జీతాల అగ్రిమెంట్ గురించి మాట్లాడుతుంటే, ఆ హెచ్ఆర్ వాడు ఇష్టమైతే సంతకం పెట్టండి లేపోతే మానండి అన్నాడని సోమవారం వాకౌట్ చేసేస్తానంటున్నావు. చేసెయ్, గేటు దగ్గర కుర్రాళ్ళు ఈలలు కూడా వేస్తారు. మరి మంగళవారం ఏటి చేస్తావు?

నేనూ చేశాను. యూనియన్లో కొత్తలో కుర్చీ తన్నేసి బయటికొచ్చేశాను, మళ్ళీ అదే టేబుల్ దగ్గర కూర్చోడానికి ఏడు నెలలు పట్టింది, అన్నాళ్ళూ పాత జీతమే. ఈలలేసినోళ్ళే ఇంటికొచ్చి ఏటైంది గురూ అని అడిగేవారు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది, మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఓ అగ్రిమెంట్లో దసరా ముందు కొంత సొమ్ము ఒకేసారి చేతిలో పెడతాం, పెంచేదంతా అలవెన్సుల్లో వేస్తాం, బేసిక్, అదే మూల వేతనం, దాని జోలికి రావద్దన్నారు. మేం ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నాం, టపాసులు కూడా కాల్చాం. ఆ తెలివితక్కువతనం ఖరీదెంతో రిటైరైన రోజు గ్రాట్యుటీ, అదే ఉద్యోగం అయిపోయాక ఒకేసారి ఇచ్చే సొమ్ము, దాని కాగితం చూశాక తెలిసింది.

లెక్క చెప్తా చూడు. గ్రాట్యుటీ అంటే ఆఖరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో గుణించి, మళ్ళీ సర్వీసు ఏళ్ళతో గుణిస్తారు. బేసిక్‌లో 2,000 పెరిగితే 20 ఏళ్ళు చేసినోడికి ఆ పెరిగినదాని మీదే 23 వేలు పైన వస్తుంది. పీఎఫ్‌లో కంపెనీ వాటా 12 శాతం, అంటే నెలకి ఇంకో 240, కానీ మీవాళ్ళు బేసిక్ 15,000 దాటినా పీఎఫ్ లెక్క అక్కడే ఆపేస్తున్నారేమో ముందు కనుక్కో. అదే 2,000 అలవెన్సు పేరుతో వస్తే ఈ నెల ఖర్చైపోద్ది అంతే. కొత్త లేబర్ కోడ్లలో, అదే కార్మిక చట్టాల్లో, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ దాటింది వేతనం కిందే లెక్క కాబట్టి, మీ పేస్లిప్పులు నాలుగు రకాలవి ముందేసుకుని కూర్చో.

టర్మ్, అదే అగ్రిమెంట్ ఎన్నేళ్ళకన్నది కూడా చూడు. శాతం ఎక్కువిచ్చి ఐదేళ్ళకి కట్టేస్తే, నాలుగో ఏడు వచ్చేసరికి మనవాళ్ళు తిట్టేది నిన్నే. ఎప్పట్నుంచి అమలు, అరియర్స్ (పాత బకాయిలు) ఎప్పుడిస్తారు అన్నవి మాటలు కాదు, మినిట్స్‌లో, అదే మీటింగ్ రికార్డులో రాయించు.

ఇక ఆ హెచ్ఆర్ వాడు. వాడూ జీతగాడే కదరా, పైవాళ్ళకి ఏదో ఒకటి సాధించానని చూపించుకోవాలి, మీకు పెద్దగా నొప్పి లేనిదొకటి, షిఫ్ట్ టైములో ఏదో, నువ్వే ఇచ్చెయ్. రేపు అర్ధరాత్రి మనోడి చెయ్యి మిషన్లో పడితే నువ్వు మొదట ఫోన్ చెయ్యాల్సింది వాడికే. అందరి ముందూ వాణ్ణి ఎదవని చేశావనుకో, ఆ రాత్రి ఫోన్ ఎత్తడు.

ఉక్కు ఉద్యమం 1966లో, ప్లాంటు జాతికి అంకితమైంది 1992లో, అలాగని నిన్ను 26 ఏళ్ళు ఆగమనట్లేదు, అంత ఓపిక నాకూ లేదు. కోపమొస్తే టీ తాగొస్తామని లేచి వెళ్ళు, పది నిమిషాలాగి మళ్ళీ అదే కుర్చీలో కూర్చో.

పాత అగ్రిమెంట్ జిరాక్స్ తీయించి పట్టుకెళ్ళు, వాళ్ళ దగ్గరుందిలే అనుకోకు. పేస్లిప్పులు వాట్సాప్ చెయ్, రాత్రికి చూసి ఫోన్ చేస్తా.