రెండున్నరేళ్ల పాప బొమ్మల పుస్తకం దగ్గర ఒక్క నిమిషం కూర్చోదు. ఎలా చదివించాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పాపకి రెండున్నరేళ్లు. పుస్తకం తీస్తే రెండు పేజీలకే లేచి పారిపోతోంది, లేదంటే చింపుతోంది. "అక్షరాభ్యాసం కాకుండా పుస్తకాలేంటి" అని అత్తయ్యగారు అంటున్నారు. పైగా విజయవాడలో మంచి తెలుగు బొమ్మల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో తెలియడం లేదు. మాదీ ఇక్కడే, సత్యనారాయణపురం. మా అబ్బాయి ఇప్పుడు రెండో తరగతి. సరిగ్గా నడక కూడా రాని వయసు నుంచి వాడితో బొమ్మల పుస్తకాలు చూస్తున్నాను కాబట్టి నా అనుభవం చెప్తాను.

ముందుగా, పుస్తకం చివరిదాకా చదవాలన్న పట్టుదల వదిలేయండి. రెండు పేజీలు చూసి లేచిపోతే ఆ పూటకి అంతే. మావాడు ఒక పుస్తకంలో బస్సు బొమ్మ ఉన్న పేజీ దాటనిచ్చేవాడు కాదు. నేను పేజీ తిప్పితే వాడు వెనక్కి తిప్పేవాడు. సరే అని ఆ బస్సు దగ్గరే మకాం. కిటికీలోంచి చూస్తున్నదెవరు, డ్రైవర్ టిఫిన్ తిన్నాడా లేదా, టాప్ మీద ఆ మూటలో ఏముంది, బస్సు బందరు పోతుందా ఏలూరు పోతుందా. (వాడి లెక్కలో లోకంలోని బస్సులన్నీ తెనాలికే పోతాయి, అమ్మమ్మగారి ఊరు కాబట్టి.) ఆ పేజీలో అచ్చయింది ఒక్క వాక్యమే. మేం మాట్లాడుకున్నది మాత్రం బోలెడు.

మన ఇళ్లలో బొమ్మల పుస్తకం తీయగానే మొదలయ్యేది పరీక్ష. "ఇదేంటి? ఇదేం కలర్? ఆవు ఎలా అరుస్తుంది? ఏదీ, ఆంటీకి చెప్పు." చుట్టాలొస్తే ఇంకా ఎక్కువ. పిల్లకి తెలిసినా చెప్పదు, మనకి పరువు పోయినట్టు ఉంటుంది. సగంమంది పిల్లలు ఆ ప్రశ్నలకు జడిసే పుస్తకం మూసేస్తారని నా అనుమానం. వరసగా పళ్లు, కూరగాయలు, జంతువులు అచ్చేసి కింద పేర్లు రాసే పుస్తకాలున్నాయి చూడండి, వాటితో ఈ రోగం మరీ ఎక్కువ. అందులో కథ ఉండదు, జరిగేదేమీ ఉండదు, కాబట్టి పేరు అడగడం తప్ప పెద్దవాళ్లకీ ఇంకేం తోచదు. ఒకటి రెండు చాలు అవి. ఎవరో ఏదో చేస్తున్న బొమ్మలున్న పుస్తకాలు కొనండి.

అడగడానికి బదులు ముందు మీరే ఏదో ఒకటి అనండి. "అయ్యో, ఈ పిల్లి నీళ్లలో పడేట్టుందే" అని ఊరుకోండి. కాసేపు ఏమీ అనకండి. పాప "పిల్లి" అని ఒక్క మాట అంటే, "అవును, నల్లపిల్లి, గోడ మీద నుంచి జారుతోంది" అని ఇంకాస్త కలిపి తిరిగి ఇవ్వండి. ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు రెండేళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లలతో నెల రోజులు ఇలాంటి ప్రయోగమే చేశారు. అందరు తల్లిదండ్రులూ పిల్లలకి పుస్తకాలు చదివారు. కొందరికి మాత్రం పిల్లల చేత మాట్లాడించడం, వాళ్లన్న మాటకి ఇంకొంచెం కలిపి చెప్పడం నేర్పారు. ఆ కొందరి పిల్లలు మాటల్లో మిగతావాళ్లని దాటిపోయారు. "అవును, కాదు" అంటే సరిపోయే ప్రశ్నలు తగ్గించి, "ఇప్పుడేం చేస్తాడో", "ఎందుకు ఏడుస్తున్నాడో" లాంటివి వేయమన్నారు. పాప జవాబు చెప్పకపోయినా పర్వాలేదు, మీరే ఏదో ఊహించి చెప్పండి.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలనీ లేదు. కొన్ని తెలుగు పుస్తకాల్లో భాష మరీ బిగుసుకుని ఉంటుంది. "కుందేలు పరుగెత్తుచున్నది" అని ఉంటే నేను "కుందేలు ఉరుకుతోందిరోయ్" అనేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకమైతే బొమ్మ చూసి తెలుగులో చెప్పేయడమే. పాప అక్షరాలు గుర్తుపట్టే రోజు వచ్చాక వేలు పెట్టి ఉన్నదున్నట్టు చదవొచ్చు. ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ తెస్తే విసుక్కోకండి. నాలుగైదుసార్లు అయ్యాక వాక్యం చివరి మాట దగ్గర ఆగి చూడండి, ఆ మాట తనే అందిస్తుంది.

అత్తయ్యగారి సంగతి. మూలా నక్షత్రం నాడు కొండమీద అమ్మవారు సరస్వతి అలంకారంలో ఉన్నప్పుడు అక్షరాభ్యాసం చేయించాలని ఆవిడ అనుకుంటూ ఉండొచ్చు. నిక్షేపంగా చేయించండి. పలక పట్టించడం వేరు, బొమ్మలు చూపించడం వేరు అని మెల్లగా చెప్పండి. అంతకన్నా మంచి ఉపాయం, పుస్తకం ఆవిడ చేతికే ఇచ్చేయడం. మా అమ్మకి చిన్న అక్షరాలు ఆనవు. గేదె బొమ్మ కనిపిస్తే చాలు, పుట్టింట్లో గేదె తాడు తెంపుకుని పక్కవాళ్ల మినపచేలో పడ్డ కథ మొదలెట్టేది. ఆ పుస్తకంలో అసలు కథేంటో మావాడికి చాలా కాలం తెలీదు.

చింపడం గురించి టెన్షన్ పడకండి, సెలోటేప్ ఉంది కదా. దళసరి అట్ట పేజీల పుస్తకాలు తన చేతికివ్వండి, పల్చటి కాగితాలవి మీ చేతిలో ఉంచుకోండి. అన్నీ బీరువాలో దాచేస్తే మాత్రం లాభం లేదు, నేలమీద తనకి అందేచోట నాలుగు ఉండాలి.

ఇక ఎక్కడ కొనాలంటే, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో పిల్లల అర అడగండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. చెన్నైలోని తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్లవి కొన్ని ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి. ధర కాస్త ఎక్కువైనా బొమ్మలు మన ఇళ్లలా, మన వీధుల్లా ఉంటాయి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో వెతికితే ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి, కొనేముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో తిరగేసి చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. మొదటి లెవల్‌వి మీ పాపకి సరిపోతాయి. ఫోన్‌లో చూపించొద్దు, డౌన్‌లోడ్ చేసి కలర్ ప్రింట్ తీయించి స్టేపుల్ చేయండి. ఫోన్ చేతికొస్తే తర్వాత వచ్చేది కార్టూనే.

జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది. మునుపు స్వరాజ్య మైదానంలో జరిగేది. ఇప్పుడక్కడ అంబేద్కర్ విగ్రహం ఉంది, కాబట్టి ఆ ఏడాది వేదిక ఎక్కడో కనుక్కుని వెళ్లండి. శని ఆదివారాల సాయంత్రాలు చిన్నపిల్లతో కష్టం, మామూలు రోజు తెరిచిన వెంటనే వెళ్తే స్టాళ్లు ఖాళీగా ఉంటాయి. ఒక్క పుస్తకమైనా పాపనే ఎంచుకోనివ్వండి. అది మీకు పరమ చెత్తగా అనిపించినా కొనేయండి.