మెచ్చుకుంటూ అన్నా తప్పేనా?

“అన్నా, టీమ్ లంచ్‌లో ఒక యూదు కొలీగ్‌తో ‘మీవాళ్లు బిజినెస్‌లో పులులు, డబ్బంతా మీ చేతుల్లోనే కదా’ అన్నాను, ఆయన ముఖం మాడిపోయింది. మెచ్చుకున్నానే గానీ తిట్టలేదే?” అని కొత్తగా న్యూజెర్సీ వచ్చిన తమ్ముడొకరు అడిగాడు.

తప్పే తమ్ముడూ. నువ్వు మెచ్చుకోలనుకున్న మాటనే ఐరోపాలో వందల ఏళ్లు నిందగా వాడారు. డబ్బూ పత్రికలూ ప్రభుత్వాలూ యూదుల గుప్పిట్లో ఉన్నాయని ఊదరగొట్టే నాజీలు జనాన్ని రెచ్చగొట్టారు, చివరికి 60 లక్షల మంది యూదుల్ని చంపారు. మనం ఆ పాఠం మార్కుల కోసం చదివి వదిలేశాం, పైగా స్ట్రిక్టుగా ఉండే హెడ్మాస్టర్‌కి హిట్లర్ అని పేరు పెట్టి నవ్వుకున్నాం. ఆ జోకు ఇక్కడ ఆఫీసులో మాత్రం వేయకు.

ఇంకో మాట, డబ్బంతా వాళ్లదేనంటావు గదా, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, చాలామంది కూలికెళ్లి బతికేవాళ్లు.

మరి ఇజ్రాయెల్‌ని ఏమీ అనకూడదా అంటే, అనొచ్చు. యూదు ద్వేషమంటే ఏంటో చెబుతూ 2016లో ఐహెచ్‌ఆర్‌ఏ (ఇంటర్నేషనల్ హోలోకాస్ట్ రిమెంబ్రెన్స్ అలయన్స్) అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నిర్వచనమే, వేరే ఏ దేశాన్నైనా విమర్శించినట్టు ఇజ్రాయెల్‌ని విమర్శిస్తే అది యూదు ద్వేషం కాదంటుంది. అయితే దానికి జతచేసిన 11 ఉదాహరణల్లో చాలావరకు ఇజ్రాయెల్ చుట్టూనే తిరుగుతాయి, అక్కడే గొడవ. అది నచ్చని పండితులు 2021లో జెరూసలేం డిక్లరేషన్ అని ఇంకో నిర్వచనం తెచ్చారు. ఈ రెండూ ఒప్పుకునే సంగతి ఒకటుంది: ఆ ప్రభుత్వం చేసినదానికి యూదులందరినీ బాధ్యుల్ని చేయకూడదు. నెతన్యాహుని ఎంతైనా తిట్టుకో, గాజా వార్త చూసి పక్క సీటు యూదు అమ్మాయిని సంజాయిషీ అడగకు.

ఇదంతా బయటివాళ్ల గోల అనుకోకు. మన పాట్‌లక్‌లలో “మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు?” అని తీగ లాగేది కులం డొంక కదిలించడానికేగా! సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించింది; కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే ఆ ఏడాది చట్టసభ దాటినా గవర్నర్ వీటో చేశాడు. మనవాళ్లు రెండు వైపులా అరిచారు.

ఆ కొలీగ్‌తో మాత్రం “మొన్న నేనన్నది బాగాలేదు, సారీ” అని చెప్పి ఊరుకో. మంచి ఉద్దేశంతోనే అన్నానంటూ వివరణ మొదలెట్టావా, ఆయనే నిన్ను ఓదార్చాల్సొస్తుంది.