ట్రాష్ టాక్ అంటే గొప్పలు చెప్పుకోవడమా, తిట్టడమా?

అమెరికా క్రీడా వ్యాఖ్యానాల్లో తరచూ వినిపించే ‘ట్రాష్ టాక్’ అనే మాటకు అర్థం ఏమిటని, అది స్వోత్కర్షా లేక దూషణా అని మీరు అడిగారు. రెండింటి పాలూ అందులో ఉన్నా, పూర్తిగా ఏ ఒక్కటీ కాదు. పోటీకి ముందు గానీ, పోటీ జరుగుతుండగా గానీ, ప్రత్యర్థి ముఖం మీదే, అతని నిబ్బరాన్ని చెదరగొట్టడానికి పలికే సవాలు ప్రగల్భాన్ని ట్రాష్ టాక్ అంటారు. ‘నేను మొనగాణ్ణి’ అనడంతో సరిపోదు, ‘నా ముందు నువ్వు నిలవలేవు’ అన్న రెండో సగం కూడా ఉండి తీరాలి. అందుకే అంతఃపురంలో ఆడవారి ముందు ఉత్తర కుమారుడు పలికిన బీరాలు ఈ కోవలోకి రావు. కౌరవ సేన అక్కడ లేదు కదా!

నాకు ఈ విద్య పరిచయమైంది అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న రోజుల్లో, విశ్వవిద్యాలయ వ్యాయామశాలలోని బాస్కెట్‌బాల్ కోర్టులో. అక్కడ జట్లు అప్పటికప్పుడు కూడతాయి, రెఫరీ ఉండడు, ముందుగా 11 పాయింట్లు చేసిన జట్టు కోర్టులోనే కొనసాగుతుంది, ఓడిన జట్టు గోడవారన కూర్చుని మళ్లీ తన వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఓటమికి వెంటనే చెల్లించవలసిన మూల్యం ఉండటం వల్ల మాటకు కూడా అక్కడ విలువ ఎక్కువ. నన్ను ఎదుర్కొన్న ఒక ఆటగాడు, నేను అడుగు దూరంలోనే ఉన్నా నాతో మాట్లాడకుండా, ‘బంతి నాకే ఇవ్వండి, ఇతను నన్ను ఆపలేడు’ అని తన జట్టుకు గట్టిగా చెప్పేవాడు. బంతి వేలికొనలను వదిలి ఇంకా గాలిలో ఉండగానే, అది బుట్టలో పడుతుందో లేదో చూడకుండా వెనుదిరిగి నడిచేవాడు. పడితే నా పరువు పోయేది, పడకపోతే అతని జట్టువాళ్లే పగలబడి నవ్వేవారు. నా ఎడమ చేతి డ్రిబ్లింగ్ బలహీనమని కనిపెట్టి, ‘ఎడమకు పోనివ్వండి, బంతి దానంతట అదే మనకు వచ్చేస్తుంది’ అని కూడా అనేవాడు. అయితే నా యాస గురించి గానీ, నా దేశం గురించి గానీ అతను ఒక్క మాట కూడా అనలేదు. ఆట ముగియగానే పిడికిలి కలిపి, ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నావని మామూలుగా అడిగాడు.

వృత్తి క్రీడాకారుల్లో ఈ కళకు చక్కని ఉదాహరణ బాస్కెట్‌బాల్ ఆటగాడు లారీ బర్డ్. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 1986లో డాలస్‌లో మొట్టమొదటి త్రీ పాయింట్ పోటీ (దూరం నుంచి బంతిని బుట్టలో వేసే పోటీ) పెట్టినప్పుడు ఆయన తోటి పోటీదారులున్న గదిలోకి వచ్చి, రెండో స్థానం ఎవరిదని అడిగాడని చెబుతారు. ఆ పోటీ ఆయనే గెలిచాడు, తర్వాతి రెండేళ్లు కూడా ఆయనే గెలిచాడు. ఆ ప్రశ్నలో బూతు లేదు, తిట్టు లేదు, అయినా గదిలోని ప్రతివాడికీ తగలవలసిన చోటే తగిలి ఉంటుంది.

బాక్సింగ్‌లో మహమ్మద్ అలీ దీన్ని టికెట్లు అమ్మే సాధనంగా మార్చాడు. గార్జియస్ జార్జ్ అనే కుస్తీవీరుని ఆర్భాటాన్ని 1961లో చూసి, తన నోరు మూయించేవాణ్ణి చూడటానికైనా జనం డబ్బు పెడతారని గ్రహించానని అలీయే చెప్పుకున్నాడు. ఆర్చీ మూర్‌ను నాలుగో రౌండులో పడగొడతానని ప్రాసలో చాటి, 1962లో సరిగ్గా నాలుగో రౌండులోనే పడగొట్టాడు. 1964లో మయామీ బీచ్‌లో ఛాంపియన్ సనీ లిస్టన్‌ను ‘వికారపు ఎలుగుబంటి’ అంటూ వెంటపడి రెచ్చగొట్టినప్పుడు, 22 ఏళ్ల కుర్రవాడు భయంతో వదరుతున్నాడని చాలామంది అనుకున్నారు. ఏడో రౌండుకు లిస్టన్ స్టూలు మీద నుంచి లేవలేదు.

అదే అలీ తోటి బాక్సర్ జో ఫ్రేజియర్ విషయంలో గీత దాటాడు. అలీ బాక్సింగ్ లైసెన్సు పోగొట్టుకుని ఆటకు దూరమైన కాలంలో అతని పక్షాన నిలిచిన మనిషి ఫ్రేజియర్. అటువంటివాణ్ణి తెల్లవారి తొత్తుగా చిత్రించడం, 1975 మనీలా పోరుకు ముందు గొరిల్లాతో పోల్చి రబ్బరు బొమ్మను గుద్ది చూపించడం ఆటకు సంబంధించిన మాటలు కావు. అలీ 2001లో పత్రికాముఖంగా క్షమాపణ చెప్పాడు గానీ, ఆ గాయం ఫ్రేజియర్‌ను దశాబ్దాల పాటు వదలలేదు. నా దృష్టిలో ప్రత్యర్థి ఆటను అన్నంతవరకే అది ట్రాష్ టాక్, పుట్టుకనూ రంగునూ అంటే అది అవమానమే. నియమాలు ఇంకా కఠినంగా ఉన్నాయి: ప్రత్యర్థిని ఎగతాళి చేస్తే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో 15 గజాల పెనాల్టీ, ఎన్‌బీఏలో టెక్నికల్ ఫౌల్ పడుతుంది.

క్రికెట్‌లోని స్లెడ్జింగ్ దీనికి దగ్గరి చుట్టమే అయినా, అందులో స్వోత్కర్ష కంటే బ్యాటర్‌ను గుచ్చి విసిగించడమే ఎక్కువ. 1996 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో, బెంగళూరులో, వెంకటేశ్ ప్రసాద్ బంతిని ఫోర్ కొట్టి, మళ్లీ అక్కడికే పంపుతానన్నట్లు బ్యాటుతో బౌండరీ వైపు చూపించిన ఆమిర్ సొహైల్ చేసింది మాత్రం అచ్చమైన ట్రాష్ టాక్. మరుసటి బంతికే అతని వికెట్ ఎగిరిపోవడం మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక వాడుక సంగతి. ఈ పదం నామవాచకంగానూ క్రియగానూ చెల్లుతుంది, అలా మాట్లాడేవాణ్ణి ‘ట్రాష్ టాకర్’ అంటారు, ‘టాకింగ్ స్మాక్’ అన్నా దాదాపు అదే భావం. ‘టాకింగ్ ట్రాష్’ అనేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాని తర్వాత ‘అబౌట్’ చేర్చి ఎవరి పేరైనా చెబితే, వారి వెనుక చెడుగా మాట్లాడటం అనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. ఆఫీసులో స్నేహితుల మధ్య జరిగే టేబుల్ టెన్నిస్ పోటీ గురించి చెప్పేటప్పుడు ‘మేము కాస్త ట్రాష్ టాక్ చేసుకున్నాం’ అంటే అందరూ నవ్వుతారు. మేనేజరు గురించి ‘టాకింగ్ ట్రాష్’ అంటే ఎవరూ నవ్వరు. దేశాధినేతల యుద్ధ బెదిరింపులకు ‘సేబర్ ర్యాట్లింగ్’ అనే వేరే పదబంధం ఉంది, పత్రికలు గంభీరమైన వార్తల్లో దాన్నే వాడతాయి.