శుక్లం ఆపరేషన్ తర్వాత లాయర్ నోటీసు: ముందు చేయాల్సినవి

డాక్టర్ గారూ, షుగర్ ఉన్న పెద్దావిడకి శుక్లం ఆపరేషన్ చేశారు, లెన్స్ సరిగ్గానే కూర్చుంది, అయినా చూపు రాలేదని కొడుకు లాయర్ నోటీసు పంపాడు, ఏం చెయ్యాలి అన్నారు కదా.

మొట్టమొదట ఆ కేస్ షీటు మీద పెన్ను పెట్టకండి. అప్పుడు రాయని ముక్క ఇప్పుడు ఇరికిస్తే సిరా రంగే పట్టిస్తుంది. జిరాక్సు తీయించి, ఒరిజినల్ బీరువాలో పెట్టి తాళం వేయండి. వాళ్లు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. ఇండెమ్నిటీ పాలసీ (డాక్టరు మీద కేసు పడితే ఆదుకునే బీమా) ఉంటే, నోటీసుకి జవాబు రాయకముందే కంపెనీకి తెలపండి. జవాబు మాత్రం లాయరు చేతే. కొడుక్కి కోపంలో వాట్సాప్ పెట్టారో, అది రేపు వినియోగదారుల కమిషన్‌లో కనిపిస్తుంది.

మీ కేసంతా ఒక్క లైను మీద నిలబడుతుంది: ఆపరేషన్‌కి ముందు కంట్లో చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనక పొర, చూశారా, చూసింది రాశారా? శుక్లం ముదిరి లోపల కనపడకపోతే బి-స్కాన్ (కంటికి తీసే అల్ట్రాసౌండ్) కాగితం ఉందా? షుగర్ వల్ల రెటీనా ముందే దెబ్బతిందని, చూపు పూర్తిగా రాకపోవచ్చని రాసి ఉంటే సగం బరువు దిగినట్టే.

ఇక ముందు సమ్మతి పత్రం తెలుగులో పెట్టండి. కొడుకు సంతకం చాలదు. స్పృహలో ఉన్న పేషెంటే ఒప్పుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేలిముద్ర అయితే పక్కన సాక్షి సంతకం తీసుకోండి. మా దగ్గరైతే 'షుగర్ వల్ల చూపు తక్కువ రావచ్చు' అన్న వాక్యం పేషెంటుకి చదివి వినిపించాకే వేలిముద్ర. లెన్స్ డబ్బాతో వచ్చే స్టిక్కరు కేస్ షీటుకి అంటించడం మర్చిపోకండి.