కాలేజీలో క్లాసు బయట పిల్లలు ఏం నేర్చుకుంటారు?

మీ అబ్బాయి తిరుపతిలో డిగ్రీలో చేరాడు, పాఠాలు కాక ఇంకేం నేర్చుకుంటాడని అడిగారు కదా. చాలానే నేర్చుకుంటాడండీ, కాకపోతే అవేవీ మార్కుల లిస్టులో కనబడవు.

నన్నడిగితే ముందు చెప్పాల్సింది హాస్టల్ మెస్ గురించే. చాలా హాస్టళ్లలో డివైడింగ్ సిస్టమ్ ఉంటుంది, అంటే నెల ఖర్చంతా తిన్నవాళ్లకు పంచి బిల్లు వేస్తారు. మెస్ బాధ్యత తీసుకున్న స్టూడెంటు మదనపల్లె మార్కెట్లో టమోటా రేటు ఎగిరిన వారం పప్పులో టమోటా తగ్గించాలా, బిల్లు పెరిగినా పర్లేదా అని తేల్చుకోవాలి, రాత్రి నలుగురు ప్లేట్లతో వచ్చి నిలదీస్తే కోపం తెచ్చుకోకుండా లెక్కల పుస్తకం తీసి చూపించాలి. ఇది ఏ కామర్స్ లెక్చరరూ నేర్పలేడు.

తర్వాత ఎన్‌ఎస్‌ఎస్, అంటే జాతీయ సేవా పథకం. 1969 నుంచీ ఉంది, రెండేళ్లలో 240 గంటల సేవ, పల్లెలో 7 రోజుల క్యాంపు. ఫొటోలకే పోతే దండగ. సర్వే ఫారం పట్టుకుని అరుగు మీద కూర్చుంటే అవ్వ ముందు "ఏ ఊరు నాయనా మీది, అన్నం తిన్యావా?" అంటుంది, దానికి నిదానంగా జవాబు చెప్పినవాడికే ఆమె ఇంటి సంగతులు చెబుతుంది.

తమిళం సంగతి సరేసరి, రూమ్మేట్లు, యాత్రికుల పుణ్యమా అని నాలుగు ముక్కలు వచ్చేస్తాయి.

మొదటి ఏడాదే ఎన్‌ఎస్‌ఎస్‌లో పేరు ఇమ్మనండి, మెస్ బాధ్యత మాత్రం రెండో ఏడాదికి చాలు.